పల్మనరీ హైపర్‌టెన్షన్: ఆపరేషన్‌కి పథకం ఉంది, నెలనెలా మాత్రలకు ఏముంది?

తుని అమ్మాయి

నమస్కారమండీ అందరికీ. ఇక్కడ ఆరోగ్యం విభాగంలో ఈ జబ్బు గురించి వెతికితే పెద్దగా ఏం దొరకలేదు, అందుకే కొత్తగా మొదలుపెడుతున్నాను.

మా తోటికోడలికి 34 ఏళ్ళు. రెండో కాన్పు తర్వాత ఆయాసం మొదలైంది. నీళ్ళ బిందెతో అరుగెక్కగానే గుమ్మం పట్టుకుని నిలబడిపోయేది. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు రక్తం తక్కువన్నారు, ఐరన్ బిళ్ళలు మింగింది. టౌన్లో ఆస్తమా అని ఇన్‌హేలర్ రాశారు. ఇంకొకాయన ఎక్స్‌రే చూసి అంతా బాగానే ఉంది, ఊరికే టెన్షన్ పడుతోంది, రాత్రిపూట ఈ మాత్ర వేయండి అన్నారు. చివరికి పొలం గట్టు మీద కళ్ళు తిరిగి పడిపోతే కాకినాడ తీసుకెళ్ళాం. అక్కడ ఎకో (గుండె స్కాన్) తీశారు. ఊపిరితిత్తులకు వెళ్ళే రక్తనాళాల్లో ప్రెషర్ బాగా పెరిగిపోయింది, కుడి గుండె ఉబ్బింది అన్నారు. విశాఖలో క్యాథ్ (నరంలోంచి సన్న గొట్టం పంపి గుండెలో ప్రెషర్ కొలిచే పరీక్ష) కూడా అయ్యాక రెండు రకాల మాత్రలు రాశారు. జీవితాంతం వాడాలట.

ఆ రెండూ కలిపి నెలకు మూడు వేల పైచిలుకు అవుతున్నాయి. మా బావగారు ఆటో నడుపుతారు. వైద్యసేవ కార్డు ఉంది గానీ ఆసుపత్రిలో చేరితేనో ఆపరేషన్ అయితేనో పనికొస్తుంది, ఇంటికి కొనుక్కెళ్ళే మాత్రలకు రాదన్నారు. అందరికీ ఇంతేనా, ఏదైనా దారి ఉందా? అమెరికాలో ఉన్న మా ఆడపడుచు అక్కడ దీనికి కొత్త ఇంజెక్షన్ వచ్చిందంటోంది. వింటుంటే జబ్బు ఒకటే గానీ మనుషుల అదృష్టాలు వేరు అనిపిస్తోంది.

బెజవాడ పల్మో

తుని అమ్మాయి గారూ, నేను ఊపిరితిత్తుల డాక్టర్ని. మీరు చెప్పిన వరస నేను రోజూ వినేదే. రక్తం తక్కువ, ఆస్తమా, టెన్షన్. ఈ మూడూ దాటకుండా నేరుగా ఎకో దాకా వచ్చిన ఆడవాళ్ళు నాకు చాలా అరుదు.

రక్తహీనత మన దగ్గర నిజంగానే ఉంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి ఉంది. కాబట్టి ఆ మాట ఎవరికి చెప్పినా సగానికి పైగా నిజమే అవుతుంది, అసలు జబ్బు దాని వెనక దాక్కుంటుంది. ఐరన్ వాడి, రక్తం పెరిగాక కూడా ఆయాసం అలాగే ఉంటే ఇక ఎకో ఆపకూడదు. చేతికి కట్టే బీపీ మిషను దీన్ని పట్టదు. అందులో 110/70 చూపిస్తుంది, అందరూ నిశ్చింతగా ఉంటారు. మొదట్లో ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉండొచ్చు.

గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళే ధమనిలో సగటు ప్రెషర్ మామూలుగా 14 దగ్గర ఉంటుంది. 20 దాటితే పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటున్నాం. ఇదివరకు ఈ గీత 25 దగ్గర ఉండేది. ఎకో అంచనా మాత్రమే చెబుతుంది, ఖాయం చేసేది కుడి గుండె క్యాథ్. మీ వాళ్ళకి అది చేయించారంటే విశాఖ డాక్టర్లు పద్ధతిగా వెళ్ళారనే లెక్క.

ఒక్క మాట. ఇంటర్నెట్లో "రెండున్నర, మూడేళ్ళకు మించి బతకరు" అని కనిపిస్తుంది. అది 1980లలో అమెరికాలో తీసిన లెక్క, అప్పటికి ఈ జబ్బుకి మందే లేదు. మొదటి మందు ఎపోప్రోస్టెనాల్‌కి అక్కడ అనుమతి వచ్చింది 1995లో. ఇంట్లోవాళ్ళు ఆ పాత లెక్క చదివి ఏడవకండి.

సత్యం మాష్టారు

డాక్టర్ గారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఇది లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బు కదా? సర్కారు దవాఖానాల్లో జ్వరం మాత్రలే అందని చోట ఇలాంటి అరుదైన వాటికి నెలనెలా డబ్బు ఎవరిస్తారు? ముందు అందరికీ వచ్చేవి చూసుకోవాలి. పైగా మా రోజుల్లో ఈ పేరే వినలేదు.

బెజవాడ పల్మో

మాష్టారూ, అంత అరుదు అన్నది ఒక్క రకానికే వర్తిస్తుంది. ధమని గోడలే దళసరెక్కే రకం అది, మొదటి గ్రూపు అంటాం. అసలీ జబ్బు ఐదు గ్రూపులు. రెండోది గుండె ఎడమవైపు పాడైతే వచ్చేది, మూడోది ఊపిరితిత్తుల జబ్బు వల్ల, నాలుగోది గడ్డకట్టిన రక్తం ధమనుల్లో ఇరుక్కుపోతే, ఐదోది మిగతావన్నీ. ఇవన్నీ కలిపితే ప్రపంచ జనాభాలో ఒక శాతం దాకా ఉంటారని అంచనా, 65 దాటినవాళ్ళలో పది శాతం దాకా. వాళ్ళలో 80 శాతం మంది మనలాంటి దేశాల్లోనే ఉన్నారు. మందుల మీద పరిశోధన మాత్రం ఎక్కువగా మిగతా 20 శాతం మంది ఉండే చోట జరుగుతోంది, అదీ మొదటి గ్రూపు మీద.

మీ రోజుల్లో లేదనకండి. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ళ జ్వరం వచ్చి గుండె కవాటం మూసుకుపోయినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉండేవారు. ఆ మైట్రల్ కవాటం సన్నబడితే వెనక ఊపిరితిత్తుల్లో ప్రెషర్ పెరుగుతుంది. అది పల్మనరీ హైపర్‌టెన్షనే. కట్టెల పొయ్యి ముందు నలభై ఏళ్ళు కూర్చుని దగ్గుతూ ఎగపోతతో పోయిన మామ్మగారిది కూడా చాలాసార్లు అదే. ఉత్తరాంధ్రలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ చుట్ట తాగే ముసలమ్మల సంగతి సరేసరి. అప్పుడు ఎకో లేదు, పేరు పెట్టేవాళ్ళు లేరు, అంతే తేడా.

కేరళలో చాలా ఆసుపత్రులు కలిసి రెండు వేల మంది దాకా రోగుల వివరాలు సేకరించాయి, ప్రోకేరళ రిజిస్ట్రీ అంటారు. అందులోనూ అన్నిటికంటే ఎక్కువ ఎడమ గుండె వల్ల వచ్చినవే. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి లెక్క ఒకటి ఉంటే మాష్టారి ప్రశ్నకి ఇంకా గట్టిగా జవాబు చెప్పేవాణ్ణి.

డాలస్ శారద

నేను టెక్సస్‌లో రెస్పిరేటరీ థెరపిస్టుని. తుని అమ్మాయి, మీ ఆడపడుచు చెప్పింది సోటాటర్‌సెప్ట్ గురించే. 2024 మార్చిలో ఇక్కడ అనుమతి వచ్చింది. మూడు వారాలకోసారి చర్మం కింద ఇంజెక్షన్. బాగానే పనిచేస్తోంది, అందులో అబద్ధం లేదు. ధర కూడా చెప్పాలిగా, ఒక్క సీసా 14,000 డాలర్లు. ఏడాదికి రెండు లక్షల నలభై వేల డాలర్ల లెక్క. మంచి బీమా ఉంటే మన జేబులోంచి పోయేది తక్కువే. లేకపోతే ఆ మందు అమెరికాలో ఉన్నా తునిలో ఉన్నా ఒకటే.

మా క్లినిక్‌కి ఇళ్ళు శుభ్రం చేసే ఒక మెక్సికన్ ఆవిడ వచ్చేది. బీమా లేదు. టెక్సస్ మెడికెయిడ్‌ని విస్తరించని రాష్ట్రాల్లో ఒకటి, పేదవాళ్ళలో చాలామందికి ఇక్కడ సర్కారు బీమా రాదు. ఆవిడ ఆయాసం ఎక్కువైనప్పుడల్లా ఎమర్జెన్సీకి వచ్చేది, నీరు దిగే ఇంజెక్షన్ చేసి పంపించేవారు. స్పెషలిస్టు దగ్గరికి వచ్చేసరికి పెదాలు నీలం, కాళ్ళు స్తంభాల్లా వాపు. అదే వారం సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే మన తెలుగావిడ ఒకరు వచ్చారు. టెన్నిస్ ఆడుతుంటే ఆయాసం వస్తోందన్నందుకే ఎకో అయింది, నెల తిరగకుండా క్యాథ్ అయింది. వయసు దాదాపు ఒకటే ఇద్దరికీ.

ఈ జబ్బుతో చనిపోయేవాళ్ళ రేటు ఇక్కడ ఆడవాళ్ళలో, నల్లజాతివాళ్ళలో ఎక్కువని సర్కారు లెక్కలే చెబుతున్నాయి. మందుల ట్రయల్స్‌లో మాత్రం ఎక్కువమంది తెల్లవాళ్ళే. రివీల్ అని 2006లో మొదలైన పెద్ద రిజిస్ట్రీలో ప్రతి ఐదుగురిలో ఒకరికి లక్షణాలు మొదలై రెండేళ్ళు దాటాకే జబ్బు బయటపడింది. ఇన్ని మిషన్లున్న దేశంలో!

మన హెచ్1బీ వాళ్ళూ ఏం క్షేమం కాదు. ఉద్యోగం పోతే బీమా పోతుంది. గుండె దగ్గరి నరంలోకి పంపుతో మందు ఎక్కుతూ ఉండే పేషెంటుకి ఆ మందు ఆగితే నిమిషాల్లో ప్రాణం మీదకొస్తుంది. లేఆఫ్ మెయిలు వచ్చిందని వాళ్ళాయన మా ఆఫీసులో కూర్చుని ఫోన్ల మీద ఫోన్లు చేయడం చూశాను.

గుంటూరు మెడికల్స్

మందుల షాపు వైపు నుంచి రెండు మాటలు.

ఈ జబ్బులో ఎక్కువగా రాసే సిల్డెనాఫిల్ మన దేశంలో చాలా కంపెనీలు తయారుచేస్తాయి, చవకే. ఖర్చంతా రెండో మాత్ర దగ్గర వస్తుంది, బోసెంటాన్ గానీ ఆంబ్రిసెంటాన్ గానీ మాసిటెంటాన్ గానీ. ఒకే మందు కంపెనీని బట్టి సగం ధరకి దొరకొచ్చు. చీటీ మీద బ్రాండు పేరుంటే డాక్టర్ గారిని మందు పేరు రాసివ్వమని అడగండి, తర్వాత నాలుగు షాపుల్లో ధర కనుక్కోండి. మా వ్యాపారానికి నష్టమే, అయినా చెబుతున్నాను.

రెండోది చెప్పడానికి కొంచెం ఇబ్బందే. సిల్డెనాఫిల్ అంటే వయాగ్రాలో ఉండే మందే. ఒకసారి కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ చీటీ ఇచ్చి నిలబడితే మా కుర్రాడు చదివి పక్కవాడికి చూపించి ముసిముసి నవ్వులు. ఆవిడకి ఎందుకో అర్థం కాలేదు, కొంగు సర్దుకుంది పాపం. కూతురికి అర్థమైంది, చీటీ లాక్కుని వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళి పిలుచుకొచ్చాను. ఆ కుర్రాడికి ఆ రోజే చెప్పాను, 20 ఎంజీ రోజుకు మూడుసార్లు అని రాసి ఉంటే అది ఊపిరితిత్తుల కోసమని. తమ్ముణ్ణి పంపిస్తే సిగ్గుపడి మందు లేకుండా వచ్చేవాళ్ళున్నారు. కోడలి పేరుతో చీటీ ఉంటే మామగారు షాపుకే వెళ్ళరు. ఇలా మధ్యలో మందు ఆగిపోవడం ఏ సర్వేలోకీ ఎక్కదు.

ఇంకో ముఖ్య విషయం. ఈ మాత్ర వాడుతున్నవాళ్ళు ఛాతీలో నొప్పి వచ్చిందని ఇంట్లో ఉన్న సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకోకూడదు. బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలియాలి.

సత్యం మాష్టారు

ఆ కూతురి సంగతి చదివాక నాకు మాట రాలేదు. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. చవక మాత్ర పనిచేస్తుంటే అందరికీ అదే ఇచ్చేయొచ్చుగా? ఐదు గ్రూపులు, క్యాథ్‌లు ఇవన్నీ ఉన్నోళ్ళ వైద్యం లాగుంది.

బెజవాడ పల్మో

సరిగ్గా ఇదే మన దగ్గర జరుగుతున్న పొరపాటు మాష్టారూ. ఎకోలో ప్రెషర్ ఎక్కువ కనపడగానే ఏ గ్రూపో చూడకుండా సిల్డెనాఫిల్ రాసేస్తున్నారు. ఎడమ గుండె వల్ల వచ్చినదానికి అది మందు కాదు. కవాటం ఆపరేషన్ అయ్యాక కూడా ప్రెషర్ మిగిలినవాళ్ళకి సిల్డెనాఫిల్ ఇచ్చి స్పెయిన్‌లో ట్రయల్ చేశారు, 2018లో ఫలితాలొచ్చాయి. మాత్ర వేసుకున్నవాళ్ళ పరిస్థితే ఎక్కువ దిగజారింది. ఊపిరితిత్తులు పాడైనవాళ్ళకి ఇస్తే రక్తంలో ఆక్సిజన్ ఇంకా పడిపోవచ్చు, వాళ్ళకి కావలసింది ఆక్సిజన్ మిషను, పొగకి దూరం.

గడ్డల వల్ల వచ్చిన నాలుగో గ్రూపైతే మరీ అన్యాయం. ఐదింటిలో ఆపరేషన్‌తో దాదాపు నయమయ్యే అవకాశం దానికే ఉంది. ధమనుల లోపలి పొరతో సహా పాత గడ్డలు ఒలిచి తీస్తారు. దాన్ని పట్టాలంటే ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ఎక్కడెక్కడికి అందుతున్నాయో చూపే వీక్యూ స్కాన్ కావాలి, అది న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న నగరాల్లోనే ఉంటుంది. ఆ స్కాన్ జరగక, నయమయ్యే జబ్బుకి ఏళ్ళ తరబడి మాత్రలు మింగుతున్నవాళ్ళు ఉన్నారు. ఉన్నోళ్ళ వైద్యం అని వదిలేస్తే లేనోళ్ళే నష్టపోయేది.

తుని అమ్మాయి గారూ, మీవాళ్ళకి వీక్యూ స్కాన్ అయిందేమో ఫైలు చూడండి. కాన్పు తర్వాత మొదలైంది అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను, కాన్పు సమయంలో రక్తం గడ్డకట్టే అవకాశం ఎక్కువ.

తుని అమ్మాయి

చూశానండీ, అయింది. రిపోర్టులో గడ్డలు లేవని ఉంది. లూపస్‌కి (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిని దెబ్బతీసే జబ్బు) రక్తపరీక్ష కూడా చేశారు, అదీ లేదు.

రవళి కరీంనగర్

నమస్తే. నాకు ఈ జబ్బుంది, నా గురించే రాస్తున్న. గుండెలో రంధ్రం పుట్టుకతోనే ఉందట. బడిలో ఉన్నప్పుడు పరుగు పెడితే దమ్ము వచ్చేది, పీటీ సారు బద్ధకం అని గ్రౌండ్ చుట్టూ తిప్పేవారు. 22 ఏళ్ళకు పెళ్ళి సంబంధం కుదిరింది, అప్పుడే జ్వరం వచ్చి దవాఖానకు పోతే స్టెతస్కోపు పెట్టిన డాక్టరమ్మ చాలాసేపు తీయలేదు. ఎకో అయింది. రంధ్రం మూసే సమయం దాటిపోయింది అన్నారు. ఐసన్‌మెంగర్ అంటారట. ఇన్నేళ్ళు ఎక్కువ రక్తం పోయి పోయి ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడ్డాయి, ఇప్పుడు రక్తం ఎదురు తిరుగుతోంది, రంధ్రం మూస్తే కుడి గుండె తట్టుకోదు.

రంధ్రం మూసే ఆపరేషన్ 2007 నుంచి ఆరోగ్యశ్రీలో ఉచితం. చిన్నప్పుడు ఎవరన్నా ఒక్కసారి ఛాతీ మీద స్టెత్ పెట్టి ఉంటే నాకు అది అయిపోయేది. ఇప్పుడు నాకు కావలసినవి గోలీలు, అవి అందులో రావు. ఆపరేషన్ చేయగలిగే దశలో కనిపెట్టలేదు, కనిపెట్టాక ఆపరేషన్ లేదు. నేను ఏ పథకానికీ చెందను.

సంబంధం సంగతి అడగకండి. గోర్లు గుండ్రంగా, నీలంగా ఉంటాయి, పెళ్ళిళ్ళలో నెయిల్ పాలిష్ లేకుండా పోను.

ఉట్నూరు సిస్టర్

రవళీ, నీ పోస్టు రెండుసార్లు చదివిన. నేను ఏఎన్‌ఎంని. 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే అని పిల్లల స్క్రీనింగ్ ఉంది. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి టీం రావాలి. గుండె రంధ్రాలు పట్టుకోవడం కూడా వాళ్ళ పనిలో భాగమే. వచ్చిన చోట చాలామంది పిల్లలకి మేలైంది. మా దగ్గర వానకాలంలో వాగు పొంగితే బండి రాదు, ఆ రోజు బడికి రాని పిల్ల ఆ ఏడాదికి లెక్కలో ఉండదు. బడి మానేసిన పిల్ల ఇక ఏ లెక్కలోనూ ఉండదు.

నేను అసలు రాద్దామనుకున్నది సికిల్ సెల్ గురించి, పుట్టుకతో వచ్చే ఎర్రకణాల జబ్బు. గోండు, కొలాం గూడేల్లో ఇది ఉంది. ఎర్రకణాలు చితికిపోతూ ఉంటాయి కాబట్టి కాలం గడిచేకొద్దీ ఊపిరితిత్తుల నాళాల మీద దెబ్బ పడుతుందని ట్రైనింగ్‌లో చెప్పారు. పెద్దవాళ్ళయ్యాక ఆయాసం అంటే రక్తం ఎక్కించి పంపుతారు. ఎకో ఎవరూ అనరు. ఎకో కావాలంటే జిల్లా కేంద్రం పోవాలి, పొద్దున బస్సెక్కితే కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్ళ కూలి కూడా పోతుంది. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది, 2047 కల్లా నిర్మూలన అంటున్నారు. రక్తపరీక్షలు చేస్తున్నం, కార్డులు ఇస్తున్నం. కార్డు ఇచ్చాక ఏంది అన్నదే మా గూడెంలో ఒక పెద్దాయన అడిగిండు.

డాక్టర్ సార్, వీళ్ళకి కూడా ఆ సిల్డెనాఫిల్ గోలీయే ఇస్తారా?

బెజవాడ పల్మో

వద్దు సిస్టర్, దయచేసి ఎవరూ సొంతంగా మొదలుపెట్టకండి. సికిల్ సెల్ ఉన్నవాళ్ళలో సిల్డెనాఫిల్ వాడి చూద్దామని అమెరికా, బ్రిటన్‌లలో ట్రయల్ పెట్టారు. మాత్ర తీసుకున్నవాళ్ళలో ఒంటినొప్పుల దాడులు ఎక్కువై ఆసుపత్రుల్లో చేరుతుంటే 2009లో మధ్యలోనే ఆపేశారు. వీళ్ళలో ముందు సికిల్ సెల్‌కే సరైన వైద్యం జరగాలి, హైడ్రాక్సీయూరియా క్రమం తప్పకుండా అందాలి.

క్యాథ్ చేసి చూసిన అధ్యయనాల్లో సికిల్ సెల్ ఉన్న పెద్దవాళ్ళలో 6 నుంచి 10 శాతం మందికి ఈ ప్రెషర్ జబ్బు తేలింది. ఎకో ఒక్కటే చూస్తే ఇంకా చాలామందికి ఉన్నట్టు అనిపిస్తుంది, అందుకని అందరినీ భయపెట్టక్కర్లేదు. ఆయాసం ఉన్నవాళ్ళనైనా ఒక్కసారి ఎకోకి పంపాలి.

షెఫీల్డ్ కుర్రాడు

యూకేలో ఈ జబ్బుకి ప్రత్యేక కేంద్రాలుంటాయి. మా ఊరు షెఫీల్డ్, కేంబ్రిడ్జిలో పాప్‌వర్త్ ఆసుపత్రి, గ్లాస్గో ఇలా కొన్నే. మందు ఖర్చంతా ఎన్‌హెచ్‌ఎస్‌దే, అంటే సర్కారు వైద్య సేవదే. ఇక్కడ దూరం ఒక్కటే సమస్య, ఇంకా ముందు జీపీ (మొదట చూసే మామూలు డాక్టరు) అనుమానించడం. సోటాటర్‌సెప్ట్ లాంటివి రావడానికి మాత్రం ఇక్కడా ఏళ్ళు లాగుతారు.

జబ్బు మీద డబ్బు ప్రభావం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2013లో చైనా నుంచి ఒక అధ్యయనం వచ్చింది. రోగుల చదువు, ఉద్యోగం, ఆదాయం, బీమా లెక్కేసి మూడు వర్గాలు చేశారు. జబ్బు బయటపడ్డ మూడేళ్ళకు పై వర్గంలో 85 శాతం పైన బతికున్నారు. కింది వర్గంలో సగం మందే. జబ్బు తీవ్రత సరిచూసుకున్నాక కూడా తేడా పోలేదు.

సత్యం మాష్టారు

సగం మందే అంటే... సరే. నా వాదన కొంత వెనక్కి తీసుకుంటున్నాను, పూర్తిగా కాదు. డబ్బు ఉంటే ముందు ఎక్కడ పెట్టాలి? మాత్రల మీదా, ఎకోల మీదా?

బెజవాడ పల్మో

నన్నడిగితే ఎకో మీద. ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఒక ఎకో మిషను, వారానికి రెండు రోజులైనా తీసే మనిషి. రంధ్రాలు, కవాటాలు ముందే దొరికితే ఈ జబ్బు చాలామందికి అసలు రాదు. కీళ్ళ జ్వరం వచ్చిన పిల్లలకి మూడు వారాలకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ తప్పకుండా పడితే ఇంకా చవక. 1999లో దీపం గ్యాస్ కనెక్షన్లు, 2016లో ఉజ్వల వచ్చాక పొగ కొంత తగ్గింది గానీ సిలిండరు ధర చూసి నీళ్ళకాగుకి మళ్ళీ కట్టెలే పెడుతున్నారు.

రవళి కరీంనగర్

డాక్టర్ గారూ, మీరు చెప్పింది రాబోయేవాళ్ళకి మంచిదే. ఇప్పటికే జబ్బు వచ్చినవాళ్ళం ఏం చేయాలి? నాకు పోయిన దసరాకి రెండో మాత్ర ఆపేశారు ఇంట్లో, తమ్ముడి ఫీజు కట్టాలని. తప్పు పట్టను. కానీ నెల తిరక్కుండా మంచం దిగలేకపోయిన. ఆసుపత్రిలో చేరితే పథకం కింద చేర్చుకున్నరు. చేరినందుకు సర్కారుకి అయిన ఖర్చుతో నాకు ఏడాది గోలీలు వచ్చేవి. ఇది ఎవరికన్నా లెక్క వేయనీకి కష్టమా?

డాలస్ శారద

రవళీ, ఇక్కడ కూడా అదే లెక్క, అక్కడ రూపాయలు, ఇక్కడ డాలర్లు. మా మెక్సికన్ ఆవిడ ఎమర్జెన్సీ బిల్లులతో ఎన్నేళ్ళ మాత్రలు వచ్చేవో.

గుంటూరు మెడికల్స్

మాత్ర హఠాత్తుగా ఆపడం చాలా ప్రమాదం. డబ్బు ఇబ్బందైతే ఆపేముందు డాక్టర్‌కి చెప్పండి, వేరే కంపెనీదో తక్కువ ధరదో చూస్తారు. చెప్పడానికి మొహమాటపడి ఆపేసేవాళ్ళే ఎక్కువ.

పథకాల పద్మ

నేను ఆరోగ్యమిత్రగా, అంటే ఆసుపత్రిలో పథకం రోగులకు సాయపడే ఉద్యోగిగా, కొన్నాళ్ళు పనిచేశాను. పథకాలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరే వైద్యం చుట్టూ కట్టినవి. కొన్ని ఆపరేషన్ల తర్వాత ఏడాదిపాటు మందులిచ్చే ఫాలోఅప్ ప్యాకేజీలు ఉన్నాయి. ఆపరేషన్ లేని జబ్బుకి ఆ తలుపు తెరుచుకోదు. తుని అమ్మాయి గారూ, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర డిశ్చార్జి సమ్మరీ పెట్టి ఏ ప్యాకేజీ కిందైనా వస్తుందేమో రాతపూర్వకంగా అడగండి, నోటిమాటగా కాదు. సీఎం సహాయనిధికి దరఖాస్తు పెడితే ఆసుపత్రి బిల్లులకు కొంత రావచ్చు, నెలవారీ మాత్రలకు అది ఆధారం కాదు. సికిల్ సెల్, తలసీమియా రోగులకు ఆంధ్రలో నెల పింఛను ఇస్తున్నారు. అలాంటిదే దీనికీ అడగాలి, అడిగేవాళ్ళ సంఖ్య చూపించాలి. ఆ సంఖ్యే ఎవరి దగ్గరా లేదు.

తుని అమ్మాయి

రాతపూర్వకంగా అడుగుతానండీ. ఇంకో విషయం, ఇంట్లో పెద్ద గొడవగా ఉంది. ఇద్దరూ ఆడపిల్లలే. మా అత్తగారు ఇప్పుడు మందులు పడుతున్నాయిగా, ఇంకొక్క కాన్పుకి వెళ్ళమంటున్నారు.

బెజవాడ పల్మో

వద్దు. ఇందులో మొహమాటం లేదు. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి గర్భం వస్తే తల్లి ప్రాణానికే ముప్పు, ఇప్పటి వైద్యంతో కూడా. పైగా బోసెంటాన్, ఆంబ్రిసెంటాన్, మాసిటెంటాన్ మూడూ కడుపులో బిడ్డకి అవకరాలు తెచ్చేవే. తనకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినా, మీ బావగారు వేసక్టమీ చేయించుకున్నా సరే, ఏదో ఒకటి డాక్టర్‌తో మాట్లాడి వెంటనే చేయించండి. మీ వారి చేత వాళ్ళమ్మగారిని ఒకసారి డాక్టర్ దగ్గరికి తీసుకురమ్మనండి. కోడలి నోట వింటే సాకులా అనిపిస్తుంది, డాక్టర్ చెబితే వింటారు. నేను చాలామంది అత్తగార్లకి చెప్పాను, విన్నారు.

ఈ జబ్బు మొదటి గ్రూపులో రివీల్ రిజిస్ట్రీ లెక్క ప్రకారం 80 శాతం ఆడవాళ్ళే. వచ్చాక త్వరగా పోయేది మాత్రం మగవాళ్ళు. ఎందుకన్నది ఇంకా తేలలేదు.

షెఫీల్డ్ కుర్రాడు

ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ పెట్టుకున్నవాళ్ళకి ఒక సంగతి. ముదురు రంగు చర్మం మీద అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించగలదు. అమెరికాలో 2020లో వచ్చిన అధ్యయనంలో, మిషను 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నా నిజంగా ఆక్సిజన్ తక్కువున్నవాళ్ళు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్ళలో 3.6 శాతం. మనవాళ్ళూ 94 చూసి నిశ్చింతగా ఉండకండి. ఆయాసం పెరిగితే అంకె ఎంతున్నా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఉట్నూరు సిస్టర్

డాక్టర్ సార్, ఒక అమ్మాయి ఉంది, సికిల్ సెల్ కార్డుంది, 26 ఏళ్ళు, మార్కెట్ రోజు గూడెం నుంచి రోడ్డు దాకా నడవలేక మధ్యలో కూర్చుంటోంది. రేపు నేనే వెంట తీసుకుపోయి ఎకో తీయిస్త. రిపోర్టులో ఏం రాయించుకురావాలి? అక్కడ గబగబా రాసి ఇచ్చేస్తరు.

బెజవాడ పల్మో

మూడు విషయాలు అడగండి సిస్టర్. టీఆర్ జెట్ (కుడి గుండె కవాటం దగ్గర వెనక్కి చిమ్మే రక్తం) వేగం ఎంత అన్నది అంకెల్లో ఉండాలి, "మైల్డ్" అని రాస్తే చాలదు. కుడి గుండె సైజు, పనితీరు రాయాలి. మైట్రల్ కవాటం, గోడలో రంధ్రం చూశారో లేదో రాయాలి. వెళ్ళేముందు హిమోగ్లోబిన్ చూడండి, నొప్పుల దాడి ఉన్న రోజు తీయిస్తే ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది కాబట్టి అలాంటి రోజైతే వాయిదా వేయండి. రిపోర్టు ఇక్కడ పెట్టకండి, పేరు కనపడుతుంది. నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

ఉట్నూరు సిస్టర్

సరే సార్. నొప్పులైతే లేవు ఇప్పుడు. పొద్దుగాల ఆరింటి బస్సుకే పోతున్నం.